మెరిటు స్కాలర్‌షిప్పు, ఫీజు సాయం: రెండూ కలుస్తాయా?

పిల్లలు ఇంటరు ప్యాసవగానే మీరడిగే ప్రశ్న ఒకటున్నది. "మార్కులకిచ్చే స్కాలర్‌షిప్పూ, లేనివాళ్లకిచ్చే ఫీజు రీయింబర్సుమెంటూ రెండూ తీసుకోవచ్చునా అండీ?" అని.

కేంద్రప్రభుత్వం కాలేజి విద్యార్థులకిచ్చే మెరిటు స్కాలర్‌షిప్పు చూడండి. కుటుంబ ఆదాయం ఏటా 4.5 లక్షలు మించరాదు. ఇంటరులో 80వ పర్సెంటైలు పైన వుండవలెను. నూటికి 80 మార్కులని దీని అర్థం కాదు. ఆ గ్రూపులో ప్యాసైన నూరుమందిని మార్కులవారీగా నిలబెడితే మొదటి ఇరవైమందిలో వుండాలన్నమాట. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి. మెలికల్లా ఇదీ: రాష్ట్రప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు గాని, వేరే స్కాలర్‌షిప్పు గాని పొందేవారు దీనికి అర్హులు కారు.

అంచేత ముందుగా లెక్క వేయండి. ఇంజనీరింగు ఫీజు పదుల వేలల్లో వుంటుంది. అక్కడ 12,000 కోసం రీయింబర్సుమెంటు వదిలితే గాదె విడిచి గింజలేరుకున్నట్టే. ప్రభుత్వ కాలేజిలో బి.ఎ., బి.ఎస్సి. ఫీజు స్వల్పం గనుక కేంద్రం సొమ్మే ఎక్కువ కావచ్చు; హాస్టలు ఖర్చులకు రాష్ట్రమిచ్చేది వుంటే అదీ కలిపి చూడండి. రీయింబర్సుమెంటుకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఆదాయపరిమితి ఇంతకన్న తక్కువ. ఆ గీత దాటి, 4.5 లక్షల లోపు మిగిలిన రైతుబిడ్డలు చాలామంది "మాకేదీ రాదు" అని వూరుకుంటున్నారు. కేంద్ర స్కాలర్‌షిప్పు సరిగా వారికి పనికొచ్చేదే!

ఒకటి దాచి రెండోది తీసుకోకండి; బయటపడితే సొమ్ము వెనక్కి కట్టాలి. మంజూరైనాక ఏటేటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యూవల్ చేయించాలి. దానికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి.