పత్తి పింజ పొడవు ఎక్కడ తేలుతుంది?

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులోనైనా జమ్మికుంటలోనైనా పత్తి బండి రాగానే అందరి కళ్లూ తేమ శాతం మీదే. పింజ పొడవుదీ అంతే విలువ. మద్దతు ధరల్లో రకాలు విడదీసేది ఎక్కువగా దాన్ని బట్టే. ఆ పొడవు విత్తనం, నీరు, ఎరువు ఇచ్చిందే అనుకుంటాం. అవి ఎంత ఇచ్చినా, పోగు లోపల నిలకడ లేని ప్రోటీన్ నాళికలు దారి చూపకపోతే అది పొడవుగా మారదు. దూదిలో ఒక్కో పోగు ఒకే ఒక్క కణం. పువ్వు విచ్చిన రోజుల్లో గింజ పైపొర మీద ఉబ్బడం మొదలుపెట్టిన ఆ కణం దాదాపు మూడు వారాల్లో మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. మందం మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు దగ్గరే ఆగుతుంది.

నీరు నెట్టబట్టే కదా కణం సాగేది అనవచ్చు. నిజమే, కానీ నీటి ఒత్తిడికి దిక్కు లేదు, అన్ని వైపులా ఒకేలా నెడుతుంది. 1962లో శాస్త్రవేత్త పాల్ గ్రీన్ నిటెల్లా అనే మంచినీటి నాచుకు కొల్చిసిన్ అనే మందు ఇస్తే, నిలువుగా సాగాల్సిన కణాలు గుండ్రంగా ఉబ్బాయి. ఆ మందు పగలగొట్టే నాళికలను మరుసటి ఏడాదే లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. కణం గోడకు లోపలి వైపున, పీపాకు వేసిన కట్లలా అవి అడ్డంగా చుట్టుకొని ఉన్నాయి. సెల్యులోజ్ అల్లే ఎంజైములు ఈ నాళికల వెంటే నడుస్తాయని 2006లో అరబిడాప్సిస్ మొక్కలో కంటికి కనబడింది. అల్లిక అడ్డంగా పడితే పక్కలు బిగుస్తాయి, కణం నిలువుగా సాగక తప్పదు. పత్తి పోగులోనూ కొల్చిసిన్ ఈ అల్లికను చెదరగొట్టింది.

అలాగైతే నాళికలు ఎంత గట్టిగా ఉంటే అంత మేలు కదా? అక్కడే చిక్కు. ట్యూబులిన్ అనే ప్రోటీన్ ముక్కలు జీటీపీ అనే అణువును పట్టుకొని నాళిక కొనకు చేరతాయి. చేరిన కాసేపటికి ఆ జీటీపీ విరిగి జీడీపీ అవుతుంది. కొన మీద జీటీపీ ఇంకా విరగని తాజా ముక్కల మూత ఉన్నంతసేపూ నాళిక పెరుగుతుంది, మూత పోతే విచ్చుకొని చకచకా కూలుతుంది. ఒకే చోట కొన్ని పెరుగుతుంటే మరికొన్ని కూలుతుంటాయని 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ చూపించారు. ఈ పెరగడం, కూలడం వృథా ఖర్చు కాదని నా నమ్మకం. ఎందుకంటే సాగుదల ముగిసి గోడ మందమయ్యే దశకు రాగానే పత్తి పోగులో అడ్డంగా ఉన్న నాళికలు ఏటవాలుకు తిరుగుతాయి. కూలడం తెలియని నాళిక అలా దిక్కు మార్చుకోవడం కష్టం.

దీనివల్ల సేద్యం విలువ ఏమీ తగ్గదు. పోగులో ఒత్తిడి నిలబెట్టేది చాలావరకు పొటాషియమే. నల్లరేగడిలో వానను నమ్ముకొని వేసిన పత్తికి పూత తర్వాత వాన మొహం చాటేస్తే పింజ కురచబడుతుంది. నాళికలు ఏటవాలుకు తిరిగాక కురిసిన వాన అదే కాయలోని గోడ మందానికి పనికిరావచ్చు గానీ, పోయిన పొడవును తేలేదు.