పందిరికి అటూ ఇటూ

భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వస్తుంటే తెనాలిలో ఏ వీధికి వెళ్లినా ఒక రాట, ఒక చందా పుస్తకం, ఆ రెండింటికీ కాపలాగా నలుగురు కుర్రాళ్లు కనిపిస్తారు. దసరా జరపడానికి ఇంతకుమించిన యంత్రాంగం అక్కర్లేదని మన నమ్మకం. ఆ నమ్మకం చాలావరకు నిజం కూడా. అమ్మవారు వస్తుంది, రోజుకో అలంకారం జరుగుతుంది, ప్రసాదం పంచుతారు, ఊరేగిస్తారు, సాగనంపుతారు. కరోనా ఏళ్లు తీసేస్తే పండుగ ఆగిపోయిన సందర్భం ఎవరికీ గుర్తురాదు. ఎలాగోలా జరిగిపోతుంది కాబట్టే దాన్ని బాగుచేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

బాగుచేయడమంటే అమ్మవారిని ఇంకో నాలుగడుగులు పెంచడమో, ఇంకో వెయ్యి సీరియల్ బల్బులు చుట్టడమో అనుకుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. ఆ పని కమిటీలు ఏటా చేస్తూనే ఉన్నాయి. పందిరి లోపల మనకు వంక పెట్టేంత లోపమేమీ ఉండదు. తేడా వచ్చేదల్లా పందిరికి అటూ ఇటూ ఉన్న రోడ్డు దగ్గర, ఆ రోడ్డు మీద ఉండేవాళ్ల దగ్గర, పదో రోజు రాత్రి తర్వాత.

ముందు డబ్బు సంగతి. కృష్ణా డెల్టాలో వరినాట్లు జూలై, ఆగస్టుల్లో, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దసరా నాటికి పైరు ఇంకా చేలోనే ఉంటుంది. రైతు చేతిలో ఉండేది ఎరువుల కొట్టు బాకీ. ధాన్యం డబ్బు కళ్లజూసేది సంక్రాంతికి. అందుకే ఇక్కడ సంక్రాంతి పల్లె పండుగ అయింది, దసరా బజారు పండుగ అయింది. తెనాలి పందిళ్ల బరువు ఎక్కువగా మోసేది బంగారం కొట్లు, బట్టల కొట్లు, కిరాణా కొట్లు, మిల్లులు. ఒక్కో కొట్టుకి నాలుగైదు చందా పుస్తకాలు వస్తాయి. ప్రతి పుస్తకం వెనకా ఒక జనరేటరు, ఒక మైకు సెట్టు, ఒక టెంటు హౌసు బిల్లు ఉంటాయి. రెండు వందల గజాల దూరంలో మూడు పందిళ్లుంటే మూడు జనరేటర్లు. కలిసి ఒక్కటి మాట్లాడుకుందామంటే, 'వాళ్ల పందిరి వేరు, మా పందిరి వేరు' అంటారు. అద్దె వసూలు చేసేవాడికి మాత్రం అన్నీ ఒకటే.

చందా ఇచ్చేవాడు లెక్క అడగడం మర్యాద కాదనుకుంటాడు. అడగలేదు కదా అని కమిటీ చెప్పదు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. వసూలు మొదలుపెట్టే ముందే అంచనా ఖర్చు ఒక అట్టమీద రాసి పందిరి దగ్గర కట్టడం, దశమి వెళ్లిన వారంలోపు అసలు ఖర్చు దాని పక్కనే రాయడం. కమిటీ సభ్యుల ఫొటోలకు పదహారడుగుల ఫ్లెక్సీ వేయగలిగినవాళ్లు జమాఖర్చులకు రెండడుగులు కేటాయించలేరా?

ఇక రోడ్డు. వీధి ఇరవై అడుగులుంటే పందిరి పన్నెండు అడుగులు తీసుకుంటుంది. మిగిలిన ఎనిమిదిలో చెప్పుల కుప్ప, జనరేటరు, రెండు మోటారు సైకిళ్లు. అంబులెన్సు వెడల్పు ఆరేడు అడుగులు. తలుపు తీసి స్ట్రెచరు దింపాలంటే ఇంకాస్త కావాలి. అందుకని పందిరి కొలత వెనక గోడ నుంచి ముందుకు వేసుకుంటూ రాకూడదు. ముందు బండి దారికి పదడుగులు సుద్దతో గీసి, మిగిలింది అమ్మవారికివ్వాలి. ఆవిడ సర్దుకుంటుంది. ఆ వీధిలో గుండెనొప్పి వచ్చినవాడే సర్దుకోలేడు.

రాటల కోసం రోడ్డు తవ్వడం ఇంకో అలవాటు. గునపంతో పొడిచిన గుంత పండుగ వెళ్లాక ఎవరిదీ కాదు. ఇసుక నింపిన డ్రమ్ముల్లో గుంజలు నిలబెడితే తవ్వే పనే ఉండదు. పైగా దసరా సాధారణంగా హస్త, చిత్త కార్తెల్లో వస్తుంది. మనది నల్లరేగడి. తడిస్తే మెత్తబడి పాతిన గుంజ పట్టు వదులుతుంది, గాలికి షామియానా తెరచాపలా లేస్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు బంగాళాఖాతానికి తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి ముదిరితే షామియానా విప్పేదెవరో, మెయిన్ స్విచ్ ఆపేదెవరో ముందే పేరుపెట్టి చెప్పుకోవాలి. లేకపోతే అందరూ ప్రసాదం గిన్నెల్ని కాపాడటానికి పరిగెత్తుతారు.

కరెంటు విషయంలో సాకులు తగ్గాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వినాయక, దుర్గ పందిళ్లకు కరెంటు ఉచితమని ప్రకటించింది. కాబట్టి స్తంభానికి కొక్కెం వేసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా వేస్తారు, అలవాటు తొందరగా పోదు. అనుమతితో తీసుకున్న కనెక్షనుకు కూడా ఈఎల్‌సీబీ ఒకటి బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. తడి నేల మీద, ఇనుప గుంజ పక్కన, అతుకుల వైర్లతో నడిచే పందిట్లో కరెంటు లీకైతే రెప్పపాటులో లైను ఆపేది అదే. సీరియల్ లైట్ల ఒక్కరోజు అద్దె ముందు దాని ధర ఏపాటిది?

లోపలికొచ్చే దారి, బయటికెళ్లే దారి వేర్వేరుగా ఉండాలన్న మాటను 'మనది చిన్న పందిరే కదా' అంటూ తేలిగ్గా తీసేస్తారు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే ఇరుకు దారిలో ఎదురుపడ్డారు. చదరపు మీటరులో ఆరేడుగురు చేరితే మనిషి తన కాళ్లమీద తాను నడవడం మానేసి గుంపు తోసినట్టు కదులుతాడని జనసమ్మర్దం మీద పనిచేసేవాళ్లు చెబుతారు. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవి అలంకారానికి పిల్లల్ని చంకనెత్తుకుని తల్లులు వచ్చే సాయంత్రం మన పందిళ్ల ముందు ఎంత మంది నిలబడతారో ఈసారి చూడండి.

మైకు గురించి రాయడమంటే శత్రువుల్ని కొనుక్కోవడమే. రాసి తీరాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు పనికిరాదు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు కానీ, ఏడాది మొత్తం మీద పదిహేను రోజులు మించకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. డెసిబెల్‌ది మామూలు కూడికల లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. 55 ఉండాల్సిన చోట 95 ఉంటే పదివేల రెట్లు. డీజే పెట్టెలు కట్టిన ట్రాక్టరు పక్కన నిలబడి ఈ లెక్క ఎవరికైనా వివరించడం కష్టం, వినపడదు.

అసలు విచిత్రం ఏమిటంటే ఇది తెనాలిలో జరగడం. రంగస్థలాన్ని ఇంతగా నెత్తిన పెట్టుకున్న ఊరు ఆంధ్రదేశంలో అరుదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నటుడిగా సత్యభామ వేషంతో తెలుగునాట వెలిగారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఊళ్లో పదిరాత్రుల పండుగకు రాత్రికో గంట హరికథో, బుర్రకథో, రెండు పద్య నాటకాలో దొరకవా? దొరుకుతాయి. కమిటీ అడగదు. ఇవి తొమ్మిదిన్నరకల్లా ముగిస్తే నిబంధనా చెల్లుతుంది, పరీక్షలకు చదివే పిల్లవాడూ బతుకుతాడు.

పోటీ మనుషుల నైజం, మాన్పలేం. దేనిమీద పోటీ పడాలో మాత్రం మార్చొచ్చు. కోల్‌కతాలో 1985లో ఒక రంగుల కంపెనీ ఉత్తమ పూజా పందిళ్లకు శరద్ సమ్మాన్ పేరుతో బహుమతులివ్వడం మొదలుపెట్టింది. క్రమంగా పందిళ్లు చేతిపనికి, ఊహకు పోటీపడటం పెరిగింది. 2021లో కోల్‌కతా దుర్గాపూజ యునెస్కో జాబితాకెక్కింది. నాటక పోటీలకు బహుమతులిచ్చి చేయి తిరిగిన ఊరికి ఇది కొత్త విద్య కాదు. మున్సిపాలిటీయో, వర్తక సంఘమో మూడు బహుమతులు పెట్టొచ్చు: దశమి మర్నాటికి రోడ్డు శుభ్రంగా ఉన్న పందిరికి, లెక్క అట్టమీద రాసిన పందిరికి, తక్కువ చప్పుడుతో ఎక్కువ మందిని కూర్చోబెట్టిన పందిరికి. న్యాయనిర్ణేతలుగా రాజకీయ నాయకుల్ని పిలవకపోతే చాలు.

అన్నదానం మీద ఒక్క మాట. వండిన నాలుగు గంటల్లో వడ్డించేయాలి. మధ్యాహ్నం వండింది సాయంత్రానికి ఉంచాలంటే చింతపండు పులుపు, నూనె ఉన్న పులిహోర కాస్త తట్టుకుంటుంది, దద్ధోజనం తట్టుకోదు. ఈ సంగతి వంటవాడికి తెలుసు, కమిటీకే తెలియదు.

ఇక అసలు చిక్కు, సాగనంపడం. ఈ చుట్టుపక్కల మూడు ఊళ్లకూ మూడు నీళ్లు. తెనాలికి ఊరి మధ్య నుంచి పోయే కాలువలు, రేపల్లెకు పెనుమూడి దగ్గర కృష్ణ, బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక సముద్రం. మూడు ఊళ్లవాళ్లూ తమ నీళ్లు అన్నిటినీ మోసుకుపోతాయనే అనుకుంటారు.

కాలువ మోసుకుపోతుంది, నిజమే. ఎక్కడికి? కిందికి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఒకే రైలు లైను మీది ఊళ్లు రెండు కలెక్టరేట్ల కిందికొచ్చాయి. నీటికి ఆ సంగతి తెలియదు. తెనాలి కాలువలో కలిపింది పక్క జిల్లా చేలకు, చెరువులకు, ఆ నీళ్లు తాగే ఊళ్లకు పోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నెలల తరబడి కరగదు. దాని రంగుల్లో సీసం, క్రోమియం లాంటివి ఉండొచ్చు. గడ్డి, కర్ర, ఇనుప తీగ లాకుల దగ్గర ఇరుక్కుంటాయి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దంది, మట్టి బొమ్మలు చేయమంది, పూలు, బట్టలు ముందే తీసేసి వేరుగా తవ్విన గుంటల్లో నిమజ్జనం చేయమంది. తమాషా ఏమిటంటే, ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసి బయటి రాష్ట్రాలకు పంపే శిల్పులు తెనాలిలోనే ఉన్నారు. ఏటా కరగని బొమ్మను కొని కాలువలో వేసేబదులు, కరగాల్సిన అవసరమే లేని లోహపు అమ్మవారిని ఒకసారి చేయించుకుని, కలశాన్ని మాత్రం నిమజ్జనం చేసుకోవచ్చు.

రేపల్లెకు నది ఉంది కానీ నదికీ ఒక క్యాలెండరుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద దిగింది, దిగువన లంకలు మునిగాయి. ఆ నెల ఏడున వినాయక చవితి. పంచాంగం చూసి పెట్టిన ముహూర్తానికి పక్కనే జలవనరుల శాఖ చెప్పే ప్రవాహమెంతో చూడటం కూడా శాస్త్రంలో భాగం చేసుకోవాలి. ఇక బాపట్ల సంగతి: సముద్రం పుచ్చుకున్నది మర్నాడు తిరిగి ఒడ్డుకు పంపేస్తుంది. నెల దాటగానే కార్తీక పౌర్ణమి స్నానాలకు అదే ఇసుకలో జనం కాళ్లు పెడతారు. మేకులు, తీగలు అప్పటికీ అక్కడే ఉంటాయి.

ఇవన్నీ చెబితే సంప్రదాయంలో వేలు పెడుతున్నారంటారు. ఆ మాట కొత్తది కాదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి 1925లో తెనాలి మున్సిపల్ చైర్మన్ అయ్యాక గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించారు. వ్యవహారం అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లింది. తర్వాత ఆయన మళ్లీ చైర్మన్ అయ్యారు. గంగానమ్మ కొలుపులు ఆగలేదు.

ఈసారి చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్లు వస్తే వాళ్లను విసుక్కోకండి, తప్పించుకోకండి. రెండు ప్రశ్నలు అడగండి: అంబులెన్సు ఏ వైపు నుంచి వస్తుంది, ఏకాదశి పొద్దున్న రోడ్డు ఊడ్చేదెవరు? తడుముకోకుండా జవాబు చెబితే, మీరు రాయాలనుకున్న దానికి ఇంకో రెండొందలు కలిపి రాయండి.