ఇరవై తొమ్మిదా, ముప్ఫై అయిదా?

పిల్లలూ, హుకుంపేట పేరు మీలో ఎంతమంది విన్నారు? పాడేరు నుంచి అరకు పోయే దారిలో, తూర్పు కనుమల నడుమ ఉంటుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అదొక మండలం. పుష్యమాసంలో అక్కడ తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. అలాంటి చలిలో ముసలివాళ్ళు గెడ్డ దాకా నడిచి వెళ్ళి స్నానం చెయ్యడమంటే మాటలా? ఇంటిని ఆనుకుని ఒక చిన్న స్నానాలగది ఉంటే వాళ్ళకు ఎంత హాయి!

ఆ ఊళ్ళో ఒక ఇంట అలాంటి గది కడుతున్నారనుకుందాం. గోడలు లేచాయి. ఇక నేల మీద టైల్సు పరచాలి. గది వెడల్పు 130 సెంటీమీటర్లు, పొడవు 200. తలుపు వెడల్పు వైపు గోడకు ఉంది. కొనదలచిన టైలు 30 సెంటీమీటర్ల చదరం. మరి ఎన్ని టైల్సు కావాలి?

"ఇదేం లెక్క!" అంటారు మీరు. 130ని 200తో గుణిస్తే 26,000. ఒక టైలు వైశాల్యం 900. భాగిస్తే 28 మీద చిల్లర. అంటే 29 టైల్సు చాలు!

మీ గుణకారం తప్పు కాదు. కాని 29 టైల్సు కొంటే పని మధ్యలో ఆగిపోతుంది. పట్నంలో అయితే సైకిలు మీద పోయి ఇంకో నాలుగు తెచ్చుకోవచ్చు. కొండ మీద అలా కాదు. కావలసిన రకం దగ్గరలో దొరకకపోతే, పాడేరు ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం వైపు పోయి, బరువైన పెట్టెలు పగలకుండా మళ్ళీ ఆ మలుపులన్నీ ఎక్కించాలి. పోనీ, అంత శ్రమా పడ్డామనుకోండి. రెండోసారి తెచ్చిన టైల్సు రంగు మొదటివాటితో కలవకపోవచ్చు. టైల్సును మట్టితో చేసి కొలిమిలో కాలుస్తారు కదా, ఒక్కొక్క విడతలో రంగు రవ్వంత మారుతుంది. అందుచేతనే పెట్టె మీద విడత గుర్తు వేస్తారు. అన్ని పెట్టెల మీదా ఒకే గుర్తు ఉందో లేదో చూసి మరీ కొనాలి.

ఇంతకూ 29 ఎందుకు చాలవు? టైలు నీరు కాదు, ఎక్కడ పోస్తే అక్కడ సర్దుకోవడానికి. గోడ దగ్గర దాన్ని కొయ్యాలి. మిగిలిన ముక్క ఇంకొక చోట సరిపడవచ్చు, సరిపడకపోవచ్చు. కనక ముందు కాగితం మీద గది బొమ్మ గియ్యాలి. గళ్ళ నోటుబుక్కు ఉంటే మరీ మంచిది. ఒక గడిని 10 సెంటీమీటర్లు అనుకోండి. గది 13 గళ్ళు, 20 గళ్ళు అవుతుంది. టైలు 3 గళ్ళ చదరం. టైల్సు మధ్య ఉండే సన్నని సందుల సంగతి తరవాత చూద్దాం.

వెడల్పు 130లో టైల్సు మూడు రకాలుగా అమర్చవచ్చు. ఒక గోడ నుంచి మొదలుపెడితే నాలుగు పూర్తి టైల్సు పట్టి, అవతలి గోడ దగ్గర 10 సెంటీమీటర్ల ముక్క పడుతుంది. గది ఒక పక్కకు ఒరిగినట్టు కనపడుతుంది. అలా కాక, గది నడిమి గీత మీద రెండు టైల్సు కలిసేలా పెడితే నాలుగు పూర్తివీ, అటూ ఇటూ 5 సెంటీమీటర్ల బద్దలూ వస్తాయి. ఇది అన్నిటికన్నా అన్యాయం! అంత సన్నని బద్ద కొయ్యబోతేనే విరుగుతుంది. అదీగాక, ఏ గోడా గీత గీసినట్టు ఉండదు. గోడ ఒక చివర 2 సెంటీమీటర్లు లోపలికి వచ్చిందనుకోండి. 5 సెంటీమీటర్ల బద్ద ఆ చివర 3కు దిగిపోతుంది. గదిలోకి వచ్చిన ప్రతివాడి కన్నూ దాని మీదే పడుతుంది. అదే 20 సెంటీమీటర్ల ముక్క అయితే 18 అవుతుంది. ఎవరు కనిపెడతారు?

ఆ 20 మూడో అమరికలో వస్తుంది. నడిమి గీత మీదకు టైలు మధ్యభాగం వచ్చేలా పెట్టండి. మూడు పూర్తివీ, అటూ ఇటూ 20, 20. మేస్త్రులు మెచ్చేది ఇదే.

పొడవు వైపు మాత్రం రెండు పక్కలూ సమానం చెయ్యనక్కరలేదు. తలుపు తెరవగానే కనిపించేది గుమ్మం దగ్గరి వరస. అక్కడ పూర్తి టైలు పెట్టి మొదలెడితే, ఆరు వరసల తరవాత వెనక గోడ దగ్గర 20 సెంటీమీటర్ల వరస పడుతుంది. అక్కడ ఎలాగూ బాల్చీ ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడు వరసలు, వరసకు అయిదు. మొత్తం 35! పగిలేవాటికి పదో వంతు కలుపుకుంటే 39.

"ఆరు టైల్సు వృథా" అని ఇంట్లో పెద్దవాళ్ళు గొణగవచ్చు. కోసిన ముక్కలను పారెయ్యకండి. ఒక్కొక్క టైలు 20కి కోస్తే 10 సెంటీమీటర్ల బద్ద మిగులుతుంది. అన్నీ పోగు చేస్తే 10 సెంటీమీటర్ల వెడల్పున 550 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. గోడ అడుగున నీళ్ళు చిమ్మకుండా వేసే స్కర్టింగుకు అంతే వెడల్పు కావాలి! గది చుట్టుకొలత 660. తలుపుకు 70 తీసేస్తే 590. ఇంకా కావలసిన 40ని అదనంగా కొన్న టైలు ఒకటి తీర్చేస్తుంది. కోసిన అంచు కిందికి, నున్నని అంచు పైకి ఉంచితే ముక్కలని ఎవరూ పోల్చలేరు.

కాగితం మీద మూలలన్నీ సరిగానే ఉంటాయి, గదిలో ఉంటాయా? మేస్త్రి దగ్గర మూలమట్టం లేకపోయినా ఫరవా లేదు. మూల నుంచి ఒక గోడ వెంట 60, రెండో గోడ వెంట 80 కొలిచి గుర్తులు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 100 ఉంటే అది లంబకోణం. 101 ఉంటే మూల విచ్చుకున్నట్టు, 99 ఉంటే ముడుచుకున్నట్టు. ఈ కిటుకు వెనక ఉన్న సూత్రాన్ని, యజ్ఞవేదికలు కొలవడానికి తాళ్ళు పట్టిన మనవాళ్ళు వేల ఏళ్ళ కిందటే ఎరుగుదురు. బౌధాయన శుల్బసూత్రంలో అది ఉంది.

ఇక నీళ్ళ సంగతి. నేల సమంగా ఉంటే నీళ్ళు నిలుస్తాయి, పాకుడు పడుతుంది, అవ్వ జారుతుంది. కనక మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున, గుమ్మం నుంచి వెనక తూము దాకా 2 సెంటీమీటర్ల వాలు ఇవ్వాలి. అంత చిన్న వాలు కంటికి ఎలా తెలుస్తుంది? మేస్త్రి సన్నని పారదర్శకపు గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒక కొస గుమ్మం దగ్గర, రెండోది వెనక గోడ దగ్గర పట్టుకోమంటాడు. గొట్టం ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసల్లోనూ నీటిమట్టం ఒకటే. అక్కడ గోడల మీద గుర్తులు పెట్టుకుని కిందికి కొలుస్తాడు. మరొక మాట: నేలకు గరుకు టైలే కొనాలి. గోడకు వేసే నున్నని టైలు నేల మీద పరిస్తే, అది ఎంత అందంగా ఉన్నా, తడిసినప్పుడు ప్రమాదమే.

ఇంక మనం దాటవేసిన సందులు. ఒక్కొక్క సందు 3 మిల్లీమీటర్లు. మన గది వెడల్పులో నాలుగు సందులు, అంటే 12 మిల్లీమీటర్లు. కాబట్టి అంచు ముక్క నిజానికి 20 కాదు, 19.4 సెంటీమీటర్లే. ఇంతేనా అనకండి. ఇదే గది వెడల్పు సరిగ్గా 150 సెంటీమీటర్లు ఉంటే, అయిదు టైల్సు నిండుగా పడతాయి, అసలు కొయ్యనక్కరలేదు అని మీ స్నేహితుడు అన్నాడనుకోండి. అతనికి మీరేం జవాబు చెబుతారు? అప్పుడు అంచు ముక్క ఎంత ఉండాలి? గళ్ళ నోటుబుక్కు తీసి చూడండి.