తెగిన తాడు చెప్పే సాక్ష్యం

వరి కోతల్లో పన కట్టే చేతుల్ని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, ఆ కట్టుకు ముడే ఉండదు. నాలుగు పరకలు పేని వెంటి చేస్తారు, దాన్ని పన కింద నుంచి తీసుకొచ్చి రెండు కొసలూ కలిపి మెలేస్తారు, ఆ మెలికను వెంటి కిందికి దోపేస్తారు. వేళ్లు ఏం చేశాయో మనం పోల్చుకునేలోగా పన పక్కకు పడుతుంది. ఆ పని ఇనుముకు నేర్పడానికి ఒక మనిషి జీవితంలో ఇరవై ఏళ్లు పట్టింది.

అతని పేరు జాన్ ఆపిల్‌బీ. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పొలం పనులు చేసుకునే కుర్రవాడు. 1858లో, 18 ఏళ్ల వయసులో, పక్షి ముక్కులా ఉండే చిన్న కొక్కేన్ని యాపిల్ కొయ్యతో చెక్కాడని చెబుతారు. ఆ ముక్కు గిర్రున ఒక చుట్టు తిరిగి, తాడు కొసల్ని నోట కరచుకుని, మీది మెలికను జారవిడిస్తే ముడి పడుతుంది. అప్పటికి గోధుమ కోసే యంత్రాలు వచ్చేశాయి. పనలు కట్టడానికి మాత్రం మనుషులే కావాలి. నడుమ అంతర్యుద్ధానికి సైనికుడిగా వెళ్లి, తిరిగొచ్చి, ఆపిల్‌బీ మళ్లీ ఈ ముక్కు దగ్గరికే చేరాడు.

ఈలోగా ఇతర తయారీదారులు ఇనుప తీగతో పనలు కట్టే యంత్రాలు తెచ్చారు. తీగను మెలిపెడితే చాలు, ముడి వేసే తంటా లేదు. కానీ తెగిన తీగ ముక్కలు గడ్డితోపాటు పశువుల కడుపులోకి, గింజలతోపాటు పిండి మిల్లుల్లోకి పోవడం మొదలైంది. రైతులు తీగను అసహ్యించుకున్నారు. 1870ల చివరికి ఆపిల్‌బీ ముడి యంత్రం సిద్ధమైంది. వ్యవసాయ యంత్రాల తయారీదారు విలియం డీరింగ్ దాని హక్కులు తీసుకుని, 1880 పంటకాలానికి తాడుతో కట్టే యంత్రాలు 3000 దాకా తయారు చేయించాడు. ఆ తాడు కోసం మెక్సికోలోని యుకటాన్‌లో కిత్తనార తోటలు విపరీతంగా విస్తరించాయి. మెరీడా నగరంలో తోటల యజమానులు ఆ డబ్బుతోనే మేడలు లేపారు. ఆ తోటల్లో ఆకులు నరికిన కూలీల బతుకు మాత్రం వెట్టిచాకిరీ.

ఎండుగడ్డిని నొక్కి కట్టలు చేసే బేలర్‌కు ఆ ముడి చేరడానికి ఇంకో యాభై ఏళ్లకు పైనే పట్టింది. అప్పటిదాకా బేలర్‌కు చెరోపక్క ఒక మనిషి కూర్చుని, దుమ్ములో, చప్పుడులో, కట్ట కట్టకూ తీగ అందించి చేత్తో బిగించేవాడు. 1937లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ రైతు ఎడ్విన్ నోల్ట్, నేల మీది గడ్డిని తానే ఎత్తుకుని తానే కట్టేసుకునే బేలర్ చేసి చూపించాడు. 1940 నుంచి ఆ కౌంటీలోని న్యూ హాలండ్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ తర్వాత తాడుతో కట్టే చతురస్రపు కట్టల బేలర్ల నెత్తిన కూర్చున్నది ఆపిల్‌బీ ముక్కే. కొలతలు మారాయి, లోహం మెరుగుపడింది, ఆలోచన మాత్రం అదే.

మన డెల్టాలో హార్వెస్టర్లు వచ్చాక గడ్డి పొలమంతా చెల్లాచెదురుగా పడిపోతోంది. వామి వేసే ఓపిక ఎవరికీ లేదు. అందుకే బేలర్లు వచ్చాయి. మన దగ్గర ఎక్కువగా తిరిగేవి గుండ్రటి కట్టలు వేసేవి. వాటికి ముడితో పని లేదు, పురికొసను చుట్టూ చుట్టి కోసేస్తాయి. మా బావ కొన్నది మాత్రం చేతులు మారి వచ్చిన పాత చతురస్రపు బేలర్. ఒక రోజు పదిహేను కట్టలు పడ్డాక, ప్రతి రెండో కట్టా కింద పడగానే కుడివైపు తాడు విడిపోయి కుప్పగా పరుచుకుంది. డ్రైవర్ తాడు మంచిది కాదన్నాడు. బావ గడ్డి తడిగా ఉందన్నాడు. సాయంత్రానికి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన బేలర్ వైపు చూడలేదు. విడిపోయిన కట్ట దగ్గర కూర్చుని తాడు ఏరుకున్నాడు. డ్రైవర్ దాన్ని చుట్టి పారేయబోతుంటే, “పారెయ్యకు బాబూ, ఇలా తే. అదే చెబుతుంది,” అన్నాడు.

చెప్పడమంటే ఏమిటో తెలియాలంటే ముడి ఎలా పడుతుందో ఒకసారి చూడాలి. బేలర్ గొట్టంలోకి వచ్చిన గడ్డిని ప్లంజర్ ముందుకీ వెనక్కీ ఊగుతూ నొక్కుతుంది. పళ్లున్న కొలత చక్రం కట్ట పొడవు చూసుకుంటుంది. పొడవు చాలిందనగానే మీట వదులుతుంది, రెండు వంపు సూదులు కింద నుంచి తాడుతో పైకి లేస్తాయి. మీద ముడివేసే తల దగ్గర, వెనకటిసారి మిగిలిన తాడు కొస పట్టు చక్రం గంట్లో బిగిసి ఉంటుంది. సూది రెండో పోగును తెచ్చి, ముక్కు మీదుగా పరచి, అదే చక్రంలోకి అందిస్తుంది. చక్రం తిరిగి రెండిటినీ పట్టుకోగానే ముక్కు ఒక చుట్టు తిరిగి పోగులను తన చుట్టూ చుట్టుకుంటుంది. నోరు తెరిచి, కొసలను కరచుకుని మూస్తుంది. ఆ వెంటనే కత్తి చేయి వచ్చి ముక్కుకూ చక్రానికీ మధ్య తాడు కోసి, తన అంచుతో ముక్కు మీది చుట్టును ఒలిచేస్తుంది. ఒలిచేటప్పుడు చుట్టు కొసల మీదుగా జారి ముడి బిగుస్తుంది. సూదులు దిగిపోతాయి, వచ్చే కట్టకు కావలసిన కొత్త కొస చక్రంలో సిద్ధంగా ఉంటుంది. ఇదంతా పూర్తవడానికి సెకను మించదు.

ఇంత చిన్న వ్యవధిలో ఎక్కడ తేడా వచ్చినా తాడు మీద గుర్తు పడుతుంది. ముడి సూది తెచ్చిన పోగుకే ఉండి, ముందు నుంచీ చక్రంలో ఉన్న పోగు ఖాళీగా ఉంటే, చక్రం పట్టు సడలి ఆ కొస ముందే జారిపోయిందని అర్థం. దీనికి ఎదురుగా చక్రం వైపు పోగుకే ముడి ఉంటే, సూది తన పోగును ముక్కు మీద సరిగా పరచలేదు. సూది వంగిందో, అరిగిందో, తాడు డబ్బాలో బిగింపు చాల్లేదో వెతకాలి. ఏ కొసకూ ముడి లేకుండా రెండూ మెలికలు తిరిగిన గుర్తుతో వస్తే ముక్కు నాలుక స్ప్రింగు వదులైనట్లు. పట్టు చక్రం దగ్గర తాడు నలిగి చీలితే చక్రం మరీ బిగుతుగా ఉంది. ప్లాస్టిక్ తాడు వేస్తే ఈ బిగింపులన్నీ మళ్లీ చూసుకోవాలి. అది కిత్తనార కన్నా నున్నగా ఉండి జారుతుంది.

మా తాడు వీటిలో ఏదీ కాదు. ముడి ఉంది, చక్కటి ముడే. కానీ దాని పక్కనే తాడు నూలు నూలుగా లాగినట్లు తెగి ఉంది. “ముడి ముక్కును వదల్లేదు. కట్ట ముందుకు పోతూ లాగేసింది,” అన్నాడు మేస్త్రీ. ట్రాక్టర్ ఇంజన్ ఆపించి, తాళం జేబులో వేసుకున్నాక, కప్పు ఎత్తి చూపించాడు. ముక్కు మీద వానాకాలపు తుప్పు, పైన ఎండిన పసరు పొర. కత్తి చేయి అంచు అరిగి, ముక్కును తాకకుండానే పక్కగా పోతోంది. సన్నటి ఎమరీ గుడ్డతో ముక్కు అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. కత్తి చేతిని కొద్దిగా వంచి, ముక్కును మెత్తగా ఒరుసుకుంటూ పోయేలా చేశాడు. నాలుక స్ప్రింగు నట్టును అర చుట్టు వదులు చేశాడు. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి, మీట చేత్తో వదిలి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి చూశాడు. ముక్కు నోరు తెరిచే క్షణం నేను మొదటిసారి అప్పుడే చూశాను. పిట్టపిల్ల నోరు తెరిచినట్లు తెరుచుకుంది.

ఆ తిప్పడంలోనే రెండో జబ్బు బయటపడింది. వారం ముందే బావ ముడివేసే తలను నడిపే చైన్ కొత్తది వేయించాడు, అప్పటి నుంచి ఫ్లైవీల్ షియర్ బోల్ట్ నాలుగుసార్లు విరిగింది. ప్లంజర్‌కు సూదులు వెళ్లేందుకు కోతలు ఉంటాయి. ప్లంజర్ ముఖం సూదుల దారిని దాటి, గడ్డిని నొక్కి పట్టి ఉండగా, ఆ కోతల్లోంచి సూదులు పైకి రావాలి. ఎన్ని మిల్లీమీటర్లు దాటాక రావాలన్నది ఏ యంత్రానికి ఆ పుస్తకంలోనే ఉంటుంది. మాకు సూదులు ఆలస్యమవుతున్నాయి. సూదులు గొట్టంలో మిగిలిపోయి ప్లంజర్ వస్తే, మధ్యలో అడ్డుపడే ఇనుప రక్షణ ఒకటి ఉంటుంది, ప్లంజర్ దానికి గుద్దుకుని బోల్ట్ విరుగుతుంది. బోల్ట్ విరగడం యంత్రం చేసిన మేలు. సూదుల విలువ బోల్ట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. డ్రైవర్ విసుగొచ్చి గట్టి బోల్ట్ వేద్దామన్నప్పుడు మేస్త్రీ మొహం ఎర్రబడింది. ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దన్నాడు.

చైన్ ఊడదీసి ఒక్క పన్ను జరిపి మళ్లీ వేశాడు. చేత్తో తిప్పితే సూది మొనలు కోతల్లోకి నిదానంగా దూరాయి, ప్లంజర్ దేన్నీ తాకలేదు. తర్వాత చిన్న కుంచెతో చైన్ గేరు పన్ను మీద, దాని ఎదురుగా బేలర్ బాడీ మీద ఒక్కో తెల్ల గీత గీశాడు. తర్వాత రెండుసార్లు చైన్ మార్చాం. రెండుసార్లూ ఆ గీతల్ని ఎదురెదురుగా తెచ్చి పెట్టాకే బిగించాం.