మత్తు వదిలినా... ఊపిరి అందదు!

ఆపరేషన్ చిన్నదే. చక్కగా జరిగింది కూడా. కానీ మనిషి కదలడం లేదు. సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. తప్పు డాక్టరుదీ కాదు, మందుదీ కాదు. అతని రక్తంలో ఒక ఎంజైము లేదు, అంతే! ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఉండే లోటిది. అదే ఎంజైము అనంతపురం చేలల్లో పురుగుమందు కొట్టే రైతు ఒంట్లో కాపలాదారు. ఏమిటా ఎంజైము? దాంతో ఏమిటి పని?

పేరు కాస్త పొడుగు... బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. డాక్టర్లు ‘సూడోకోలినెస్టరేజ్’ అనీ అంటారు. కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంటుంది. ఇది లేకుండా పుట్టిన మనిషి మామూలుగానే తింటాడు, ఆడుకుంటాడు, చదువుకుంటాడు, ముసలివాడవుతాడు. లోటు ఉందన్న సంగతే తెలియదు. తెలిసేది ఒక్కచోట... ఆపరేషన్ బల్ల మీద!

పది నిమిషాల మందు

పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాలంటే ముందు గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. మెడ, దవడ కండరాలు బిగిసి ఉంటే అది సాధ్యం కాదు. అందుకే కండరాలను వదులు చేసే ఇంజెక్షన్ ఇస్తారు. వాటిలో బాగా పాతదీ చవకైనదీ సక్సినైల్‌కోలిన్. ఆసుపత్రి భాషలో ‘స్కోలిన్’. 1950ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. కండరాలను వదులు చేసే మందులపైనా, అలర్జీ మందులపైనా చేసిన కృషికి డేనియల్ బోవే 1957లో నోబెల్ అందుకున్నారు.

ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషంలోపే ఒళ్లంతా వదులైపోతుంది. ఛాతీ కండరాలు కూడా. అప్పుడు డాక్టరు గొట్టం వేసి ఊపిరి అందిస్తారు. అయిదు, పది నిమిషాల్లో మందు పని అయిపోతుంది. కండరాలు మళ్లీ కదులుతాయి. అత్యవసర ఆపరేషన్లకు ఇంత త్వరగా పనిచేసి, ఇంత త్వరగా దిగిపోయే మందు కావాలి కాబట్టే ఇన్నేళ్లయినా దాన్ని వదల్లేదు.

మరి అంత త్వరగా దిగిపోవడం ఎలా? ఆ ఘనతంతా మన ఎంజైముదే!

దిగుడుబావి అడుగున కత్తెర

నరం చివర నుంచి కండరానికి వెళ్లే కబురు పేరు ఎసిటైల్‌కోలిన్. అది అందగానే కండరం బిగుస్తుంది. కబురు చేరిన మరుక్షణమే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే వేరే ఎంజైము దాన్ని తుంచేస్తుంది. కండరం సడలుతుంది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను వీపులు ఆనించి అతికిస్తే ఎలా ఉంటుందో, సక్సినైల్‌కోలిన్ అలా ఉంటుంది. అది కండరం తాళంలో దొంగతాళంచెవిలా దూరి ఇరుక్కుంటుంది. దాంతో నరం పంపే అసలు కబురు కండరానికి వినపడదు. కబుర్లు తుంచే ఎంజైము దీన్ని తుంచలేదు.

తుంచగలిగేది రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజే. ఇంజెక్షన్ చేసిన మందులో చాలా భాగాన్ని కండరం దాకా చేరకముందే దారిలోనే విరగ్గొడుతుంది. మిగిలిన కొద్దిపాటి మందే పనిచేస్తుంది. అదీ కాసేపే.

ఈ ఎంజైము కట్టడం చూడముచ్చటగా ఉంటుంది. 574 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన ఒక దండ మడతలు పడి ఉండలా చుట్టుకుంటుంది. అలాంటి ఉండలు నాలుగు జతకూడి రక్తంలో తిరుగుతాయి. ఒక్కో ఉండలో ఓ లోతైన ఇరుకు దారి. అనంతపురం పల్లెల్లోని పాత దిగుడుబావిని తలచుకోండి. అలాంటిదే, కాకపోతే దీని లోతు మీటరులో యాభై కోట్లో వంతు! బావి అడుగున మూడు అమైనో ఆమ్లాలు... సెరీన్, హిస్టిడిన్, గ్లుటమేట్... కత్తెరలా కాచుకుని ఉంటాయి. మందు అణువు లోపలికి జారగానే సెరీన్ దాన్ని పట్టుకుంటుంది. మిగతా రెండూ సాయం చేస్తాయి. ఒక నీటి అణువు వచ్చి కోత పూర్తిచేస్తుంది. ముక్కలు బయటికి, కత్తెర మళ్లీ సిద్ధం. ఈ బావి నిర్మాణాన్ని ఎక్స్-కిరణాల సాయంతో శాస్త్రవేత్తలు 2003లో బొమ్మ కట్టి చూపించారు.

307వ పూస

ఆ దండలో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాలి. కొందరిలో అక్కడ ప్రోలిన్ వచ్చి కూర్చుంటుంది. ప్రోలిన్ బిరుసు రకం, చెప్పినట్టు వంగదు. ఒక్క పూస మారినందుకు దండ సరిగ్గా మడతపడదు. ఫలితం... రక్తంలో ఎంజైము జాడే ఉండదు.

ఈ మార్పును వైశ్యుల్లో గుర్తించి 2006లో ప్రపంచానికి చెప్పింది కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.బూపతి బృందం, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్. యూరప్, అమెరికాల్లో ఎంజైము అసలే లేనివారు లక్షమందిలో ఒకరు. ఆ బృందం పరిశీలించిన వైశ్యుల్లో దానికి సుమారు నాలుగు వేల రెట్లు ఎక్కువ! అంటే వందమందిలో నలుగురు.

ఎందుకిలా? అనంతపురంలో, తాడిపత్రిలో, హిందూపురంలో, ధర్మవరంలో... ఏ బజారుకెళ్లినా ఆర్యవైశ్యుల అంగళ్లు కనిపిస్తాయి. కన్యకాపరమేశ్వరి గుడి కనిపిస్తుంది. పశ్చిమ గోదావరి పెనుగొండలో వాసవీమాతతో పాటు అగ్నిప్రవేశం చేసింది 102 గోత్రాలవారని, తాము ఆ గోత్రాల సంతతి అని ఆ సమాజం నమ్మకం. ఆ కథ సంగతి అలా ఉంచితే, జన్యుశాస్త్రం తన దారిన తాను ఒక లెక్క చెప్పింది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీసింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇప్పటి వైశ్యుల మూలాలు సుమారు వంద తరాల కిందటి కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్నాయి. ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ సమాజం లోపలే. ఆ కొద్దిమందిలో ఏ ఒక్కరికో ఉన్న మార్పు తరతరాలుగా పంచుకుంటూ వచ్చి, ఇవాళ ఎందరిలోనో మిగిలింది.

గోత్రం వేరైనంత మాత్రాన ఇది తప్పిపోదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి... రెండు జన్యువులూ మారినవైతేనే ఎంజైము పూర్తిగా లేకుండా పోతుంది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కొక్కటే ఉంటే వాళ్లకు తెలియనే తెలియదు. కానీ వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

ఇది కులానికి మచ్చ కాదు. తక్కువమంది పూర్వీకుల నుంచి వచ్చి, లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి సమాజంలోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. వీరిది ముందే బయటపడింది. అది ఒక రకంగా అదృష్టమే!

చేలో కాపలాదారు

ఇక రెండో కథ. అనంతపురంలో వాన తక్కువ, శనక్కాయ ఎక్కువ. విత్తే ముందు వేరుపురుగు రాకుండా గింజకు క్లోరిపైరిఫాస్ పట్టించడం, పైరు మీద పురుగు పడితే మరో మందు పిచికారీ చేయడం రైతుకు అలవాటైన పనే. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్... ఇవన్నీ ఆర్గానోఫాస్ఫేట్ల కుటుంబం. పురుగును చంపేదెలాగంటే, నరాల దగ్గర కబుర్లు తుంచే ఎంజైమును పట్టేసి. మనిషికైనా అంతే. నోట్లో నురగ, చెమట, కండరాల అదురు, చివరికి ఊపిరి ఆగిపోవడం.

మన బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఇక్కడ అడ్డం పడుతుంది. రక్తంలోకి వచ్చిన విషం అణువును తన బావిలోకి లాక్కుంటుంది. కానీ ఈసారి కోత పూర్తికాదు. విషం సెరీన్‌ను పట్టుకుని వదలదు. ఒక విషాన్ని ఆపడానికి ఒక ఎంజైము బలి. అందుకే పురుగుమందు కేసు వస్తే డాక్టర్లు రక్తంలో ఈ ఎంజైము ఎంత పడిపోయిందో పరీక్ష చేయిస్తారు. పోయిన దాన్ని కాలేయం మళ్లీ తయారుచేసుకోవడానికి వారాలు పడుతుంది.

అంటే, పుట్టుకతో లోటు లేని రైతుకూ పురుగుమందు ఒంట్లోకి పోతే అదే లోటు తాత్కాలికంగా వస్తుంది. అతనికి గొట్టం వేయాల్సివస్తే స్కోలిన్ గంటల తరబడి దిగకపోవచ్చు. ఇక పుట్టుకతోనే ఎంజైము లేనివారికి మందు పిచికారీలో కాపలాదారే లేడు. వాళ్లు పురుగుమందులకు దూరంగా ఉండటమే మంచిది. పరీక్షలో ఎంజైము తక్కువ వచ్చిందని వాళ్లు విషం తాగారని తేల్చేయడమూ పొరపాటే.

అడగాల్సింది, చెప్పాల్సింది

భయపడాల్సిన పనిలేదు. లోటు ఉన్నవారికి స్కోలిన్ ఇచ్చినా, యంత్రంతో ఊపిరి అందిస్తూ, మత్తులోనే ఉంచుతూ ఓపిగ్గా కనిపెట్టుకుంటే కొన్ని గంటల్లో కండరాలు వాటంతటవే తేరుకుంటాయి. మత్తు మాత్రం ఆపకూడదు. మెలకువ వచ్చి, అన్నీ వినిపిస్తూ, కనురెప్ప కూడా కదపలేని స్థితి ఎంత నరకమో ఊహించుకోండి. అసలు ముందే తెలిస్తే ఆ గంటల నిరీక్షణే ఉండదు. రోకురోనియం లాంటి వేరే మందు వాడతారు. దానికి ఈ ఎంజైముతో పనిలేదు. మైవాక్యూరియం మాత్రం వద్దు, అదీ ఇదే ఎంజైముతో దిగే మందే.

అందుకని...

* ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి అందడం బాగా ఆలస్యమైందా? ఆ సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి.

* ఆర్యవైశ్యులైతే అడగకపోయినా చెప్పండి. కులం చెప్పుకోవడం మొహమాటమనిపించొచ్చు. ఇక్కడ అది వైద్య సమాచారం.

* ముందుగా అనుకుని చేయించుకునే ఆపరేషనైతే రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించమని అడగండి. కాలేయ జబ్బులోనూ, గర్భంతో ఉన్నప్పుడూ కూడా ఇది తగ్గుతుంది కాబట్టి ఫలితాన్ని డాక్టరే చూడాలి.

* ఒకరికి లోటు ఉందని తేలితే తోడబుట్టినవారికీ పరీక్ష చేయించండి. కాగితం మీద రాయించి పర్సులో పెట్టుకోండి.

స్కోలిన్ ఒకరికి పది నిమిషాల్లో దిగి, మరొకరికి గంటలు గడిచినా ఎందుకు దిగదన్న ప్రశ్నతోనే 1950లలో వెర్నర్ కేలో అనే శాస్త్రవేత్త ఈ ఎంజైము తేడాలను పట్టుకున్నారు. ఒకే మందు ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కోలా ఎందుకు పనిచేస్తుందో చెప్పే శాస్త్రానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు. ఆ శాస్త్రం ఇవాళ మన ఊరి బజారు దాకా వచ్చింది. అంగడిలో ప్రతి రూపాయికీ పద్దు రాసే ఇళ్లు అవి. ఆ దస్తరంలోనే ఈ ఒక్క పద్దూ రాసిపెట్టుకుంటే చాలు... ఏదో ఒకరోజు ఓ నిండు ప్రాణానికి లెక్క సరిపోతుంది!