ఓటర్ల పట్టికలో ఆమె పేరు

ఎన్నికల దినమున గోదావరి మండలములలోని ఏ గ్రామమునకు పోయి చూచినను స్త్రీల వరుస పురుషుల వరుసకు తీసిపోదు. పొలము పనికి పోవలసినవారు తెల్లవారకముందే వచ్చి నిలుచుందురు. ముసలమ్మలను మనుమలు చేయిపట్టి తీసికొని వత్తురు. అధికారి పట్టిక చూచి పేరు చదువును. ఎడమచేతి చూపుడువ్రేలికి సిరాగుర్తు పెట్టుదురు. ఇంత సులభముగా సాగిపోవు ఈ పని వెనుక నున్న కథలో కొంతభాగము మన డెల్టాలోనే జరిగినది. దానిని ఇచట చెప్పదలచితిమి.

1917 డిసెంబరులో, భారత వ్యవహారములు చూచు బ్రిటిషు మంత్రి మాంటేగు చెన్నపట్నము వచ్చినపుడు, శ్రీమతి సరోజినీనాయుడు నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గమొకటి ఆయనను కలిసికొని, పురుషులతోపాటు స్త్రీలకును ఓటు నీయవలెనని కోరినది. ఆ యేడే అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘమువారు, అందు ముఖ్యముగా మార్గరెట్ కజిన్స్, ఈ పనికి పూనుకొనిరి. 1919 చట్టము స్త్రీలకు ఓటు నీయలేదు. ఇచ్చుటయో మానుటయో ఆయా రాష్ట్రముల శాసనసభలకు విడిచిపెట్టినది. 1921లో మద్రాసు శాసనసభ బ్రిటిషిండియా రాష్ట్రములన్నిటికంటె ముందుగా ఆ నిషేధమును తొలగించినది. నాడు మన గోదావరి మండలము మద్రాసు రాష్ట్రములోనిదే.

అయితే చట్టము మారినంతనే ఓటు చేతికి రాలేదు. నాటి ఓటు మనిషికి కాదు, ఆస్తికి. శిస్తో పన్నో నిర్ణీతమైన మొత్తము చెల్లించువారికే ఆ హక్కు. ధవళేశ్వరము ఆనకట్ట కాలువలక్రింద బంగారము పండు భూములకు పట్టాలు ఎవరి పేర ఉండెడివో పాఠకులకు చెప్పనక్కరలేదు. తండ్రి పేర, భర్త పేర, కొడుకు పేర. ఆ మడిలో నడుము వంచి ఊడ్చిన ఆమె పేర సెంటు భూమియు లేదు. కావున హక్కు వచ్చియు అది దక్కిన స్త్రీలు బహుకొద్దిమంది. 1935 చట్టము తలుపును కొంత తెరచినది. ఆస్తిగల ఓటర్ల భార్యలకును, చదువను వ్రాయను వచ్చిన స్త్రీలకును ఓటు లభించినది.

చదువే ఓటునకు దారియైనప్పుడు, మన ప్రాంతమున అంతకు అరువదేండ్లకు పూర్వమే జరిగిన పని అక్కరకు వచ్చినది. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిరి. 1883లో స్త్రీలకొరకు ‘సతీహితబోధిని’ పత్రికను నడపిరి. పిమ్మట స్త్రీలే కలము పట్టిరి. కాకినాడనుండి పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు ‘సావిత్రి’ పత్రికను నడపిరి. వితంతు వివాహ విషయమున ఆమె పంతులుగారితో ఏకీభవింపలేదు. స్త్రీలు చదువవలెననుటలో మాత్రము ఇరువురిదియు ఒకే మాట.

చదువుకొన్నవారు సభలకెక్కిరి. ద్రాక్షారామమున జన్మించిన దువ్వూరి సుబ్బమ్మగారు బాల్యముననే భర్తను పోగొట్టుకొన్నారు. అట్టి స్త్రీ గడప దాటుటయే తప్పుగా ఎంచబడిన కాలమున ఆమె ఊరూర సభలలో ఉపన్యసించి, 1922లో ఏడాదిపాటు చెరసాల శిక్షకు గురియైరి. పురాణేతిహాసములు తెలిసినవారగుటచే పల్లెలవారు ఆమె మాటలు చెవియొగ్గి వినెడివారు.

రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయిగారి సంగతి మరికొంత చెప్పవలెను. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వయంసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన బాలిక ఆమెయే. ఎనిమిదవ యేట జరిగిన తన వివాహమును ఆమె పెద్దయైన పిమ్మట అంగీకరింపలేదు. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయినపుడు, చదువులేని స్త్రీలు తాము చేయని నేరములకు శిక్షలనుభవించుట చూచి న్యాయశాస్త్రము చదువ నిశ్చయించుకొనిరి. 1937లో చెన్నపట్నమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. రాజ్యాంగ సభలోని 15 మంది స్త్రీలలో ఒకరై, స్త్రీల ఆస్తిహక్కుకొరకు వాదించిరి. రాజ్యాంగము 1950లో ఆస్తి, చదువు, స్త్రీ పురుష భేదము చూడక వయోజనులందరకును ఓటు నిచ్చినది. విచిత్రమేమనగా, ఆ ఓటుతో జరిగిన మొదటి ఎన్నికలలోనే ఆమె ఓడిపోయిరి! అందుకు ఆమె కుంగలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై గ్రామస్త్రీల పనిలోనే నిలిచిరి.

ఆ మొదటి ఎన్నికలలోనే మరియొక చిక్కు వచ్చినది. దేశమున దాదాపు 28 లక్షలమంది స్త్రీలు పరులకు తమ పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని వ్రాయించుకొన్నందున పట్టికలకెక్కలేదు. వీరిలో అధికులు ఉత్తరాది రాష్ట్రములవారు.

పట్టా విషయము మరింత ఆలస్యమైనది. 1956 చట్టము తండ్రి ఆస్తిలో హిందూ స్త్రీకి భాగమిచ్చినది కాని, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు మన రాష్ట్రమున, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు, 1985 నుండి వచ్చినది. దేశమంతటికి 2005లో గాని రాలేదు.

నేడు ఓటునకు 18 ఏండ్లు నిండిన చాలును. అయినను మేము గ్రామములలో తరచు చూచు లోపమొకటి కలదు. పెండ్లియై అత్తవారింటికి వచ్చిన పిల్ల పేరు పుట్టినింటి పట్టికలోనే ఉండిపోవును. ఇచట ఓటు లేదు, అచటికి పోవుటకు వీలుండదు. ఇట్టివారు ఫారము 8 నింపి బూత్ స్థాయి అధికారికి ఇచ్చిన పేరు క్రొత్త ఊరికి మారును. మొదటిసారి చేరువారు ఫారము 6 ఇయ్యవలెను. ఇంటి పెద్దలు కొడుకు పేరు వ్రాయించునపుడే కోడలి పేరును అడిగి వ్రాయించినయెడల రెండుసార్లు తిరుగు పని తప్పును.