కైమోట్రిప్సిన్‌లో ఆ మూడు

పప్పు, పాలు, మాంసంలోని ప్రొటీన్లను చిన్నపేగులో ముక్కలు చేసే ఎంజైమ్‌లలో కైమోట్రిప్సిన్ ఒకటి. క్లోమగ్రంథి దీన్ని 245 అమైనో ఆమ్లాల గొలుసుగా, ఇంకా పని మొదలుపెట్టని రూపంలో పంపుతుంది. పేగులో ట్రిప్సిన్ దాన్ని ఒకచోట కోశాకే పనిలోకి దిగుతుంది. పెప్టైడ్ బంధాన్ని తెంచే భారం మాత్రం ముఖ్యంగా మూడింటిదే: 57వ స్థానంలోని హిస్టిడిన్, 102లోని ఆస్పార్టేట్, 195లోని సెరీన్. గొలుసులో ఎక్కడెక్కడో ఉన్న ఈ మూడూ అది మడతపడ్డాక పక్కపక్కకు చేరతాయి.

సెరీన్ స్వతహాగా చురుకైనది కాదు. ఈ ఎంజైమ్‌లో ఇరవైకి పైగా సెరీన్లున్నా, డీఎఫ్‌పీ అనే విష రసాయనానికి చిక్కేది 195వది ఒక్కటే. దాని పక్కన హిస్టిడిన్, ఆ వెనక ఆస్పార్టేట్ వరుసగా ఉన్నాయని 1969లో డేవిడ్ బ్లో బృందం చూపించాక ఆ చురుకుకు కారణం తెలిసింది.

శరీర ద్రవాల్లో హిస్టిడిన్ ప్రోటాన్‌ను తీసుకోనూగలదు, ఇవ్వనూగలదు. అసలు కీలకం ఇదే. అది సెరీన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కోగానే, సెరీన్‌లోని ఆక్సిజన్ పెప్టైడ్ బంధపు కార్బన్‌ను పట్టుకుంటుంది. హిస్టిడిన్ సరైన దిశలో నిలిచేలా, దానిమీద చేరిన ధనావేశం కుదురుకునేలా ఆస్పార్టేట్ చూసుకుంటుంది. తరువాత హిస్టిడిన్ ఆ ప్రోటాన్‌ను బంధంలోని నైట్రోజన్‌కు ఇస్తుంది. బంధం తెగి ఒక ముక్క వెళ్లిపోతుంది. సెరీన్‌కు అంటుకుపోయిన రెండో ముక్కను విడిపించడానికి నీటి అణువు వస్తుంది. ఈసారి హిస్టిడిన్ నీటి నుంచి ప్రోటాన్ తీసుకుని, చివరకు సెరీన్‌కు తిరిగి ఇచ్చేస్తుంది. ఎంజైమ్ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్కోదాని వాటా ఎంతో 1988లో కార్టర్, వెల్స్ కొలిచారు. ఇవే మూడు అమైనో ఆమ్లాలతో పనిచేసే సబ్టిలిసిన్ అనే బాక్టీరియా ఎంజైమ్‌లో ఒక్కోదాన్నీ అలనీన్‌గా మార్చారు. సెరీన్ పోయినా, హిస్టిడిన్ పోయినా వేగం సుమారు 20 లక్షల రెట్లు పడిపోయింది. ఆస్పార్టేట్ పోతే 30 వేల రెట్లు. మూడింటినీ ఒకేసారి తీసేసినా నష్టం ఆ 20 లక్షల రెట్లకు మించి పెరగలేదు. అవి కలిసే పనిచేస్తాయనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

నాడుల సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌లోనూ ఇలాంటి అమరికే ఉంది, ఆస్పార్టేట్ చోట గ్లుటమేట్‌తో. పత్తి చేలలో కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ప్రాణం తీసేది అక్కడి సెరీన్‌ను పట్టుకునే. ఫాస్ఫరస్ అంటుకున్న సెరీన్‌ను నీరు తేలిగ్గా విడిపించలేదు. ఆసుపత్రిలో ఇచ్చే ప్రాలిడాక్సిమ్ ఆ ఫాస్ఫరస్‌ను లాగేయగలదు. ఆలస్యమైతే ఆ పట్టు మరింత బిగిసి, అదీ పనిచేయదు.